అప్‌గ్రేడ్ చేశాక ల్యాప్‌టాప్ ఎందుకు లేవదు? - ఓ పాతికేళ్ళ కథ

మా వరంగల్లో సాఫ్టువేరు ఇంజినీరు అంటే సగం మంది దృష్టిలో కంప్యూటర్లు బాగుచేసేవాడే. నేను రాసే ప్రోగ్రాములు ఎక్కడో సర్వర్ల మీద నడుస్తాయి మొర్రో అన్నా వినరు. "అవన్నీ సరేగానీ, మా ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేసరికి అన్నం ఉడుకుతుంది, జర చూడరాదూ" అంటారు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు సపోర్టు ఆపేసింది కదా, దానికి కాస్త అటూ ఇటూగా ఈ మాట మరీ ఎక్కువగా విన్నాను. కొత్త ఓఎస్ వేయించుకోవడం, ఆ మర్నాటి నుంచీ తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండడం.

దీనికి ఊళ్ళో మూడు జవాబులు తయారుగా ఉంటాయి. ఒకటి వైరసు, రెండు ర్యాము చాలదు, మూడు కొత్తది కొనుక్కో. మూడోదానికి ఖర్చు బాగానే అవుతుంది. నా మటుకు నాకు ఈ మూడూ చాలాసార్లు తప్పే. అసలు జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, అందుకే ఇంత పొడుగు టపా.

ఒకప్పుడు కంప్యూటరుకి రోజూ పొద్దున్నే అన్నీ మొదటినుంచీ చెప్పాల్సిన పని ఉండేది కాదు. మన హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది 1967లో. 1969లో టీడీసీ-12 అనే 12 బిట్ల యంత్రం మన దేశంలోనే తయారై వచ్చింది. ఆ తరం యంత్రాల్లో మెమరీ అంటే సన్నటి ఫెర్రైటు ఉంగరాలని తీగలతో అల్లిన కోర్ మెమరీ. ఉంగరం అయస్కాంతం కాబట్టి కరెంటు పోయినా అందులో రాసింది పోదు. స్విచ్చి కట్టి, మళ్ళీ వేస్తే ప్రోగ్రాము అక్కడే ఉంటుంది. 1970ల్లో చిప్పుల మెమరీ వచ్చి కోర్‌ని పక్కకి నెట్టేసింది. చవక, వేగం, అన్నీ బాగున్నాయి గానీ దానికి మతిమరుపు. కరెంటు తీస్తే అంతా హుష్‌కాకి. అప్పట్నుంచీ రోజూ డిస్కులోంచి మెమరీలోకి అంతా మళ్ళీ తెచ్చి పెట్టుకోవాల్సొచ్చింది. తన బూటు పట్టీలు తనే పట్టుకుని తనని తాను పైకి లేపుకున్నట్టు ఉంటుందని దీనికి బూటింగు అన్న పేరు. (ఆ పేరు అంతకు ముందునుంచే ఉంది, రోజువారీ బాధ అయింది మాత్రం ఇక్కడే.)

1981 నాటి ఐబీఎం పీసీ తరువాత, డాసు రోజుల్లో ఈ ఎదురుచూపు కళ్ళముందే జరిగేది. ఎంత మెమరీ ఉందో లెక్కపెట్టడం కనిపించేది, ఏ డ్రైవరు ఎక్కుతోందో ఒక్కో లైనూ కనిపించేది. ప్రాంప్టు వచ్చిందంటే వచ్చినట్టే, ఇంక వెనకాల ఏమీ నడవదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

నేను చూసిన మొదటి కంప్యూటరు మా పెదనాన్నగారింట్లో విండోస్ 98. హనుమకొండలో వేసవికాలం కరెంటు సంగతి తెలిసిందే. కరెంటు పోయి వచ్చిందంటే నీలం తెర మీద స్కాన్‌డిస్కు మొదలు. సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు కాబట్టి డిస్కులో తప్పులున్నాయేమో వెతుకుతున్నా అని మనకే నాలుగు చీవాట్లు పెట్టేది. అప్పటి ఫ్యాట్ పద్ధతిలో రాసేటప్పుడు కరెంటు పోతే ఎంతవరకు రాశామన్న లెక్క ఎక్కడా ఉండదు, అందుకే డిస్కంతా తిరగేయాలి. ఎక్స్‌పీతో మన ఇళ్ళలోకి వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ చేయబోయే మార్పుల్ని ముందు ఓ చిట్టాలో రాసుకుంటుంది, కాబట్టి కరెంటు వచ్చాక ఆ చిట్టా చూసుకుంటే చాలు. కరెంటు కోతల ఊళ్ళకి ఎక్స్‌పీ చేసిన అసలు మేలు అదేనంటాను. ఎవరూ పెద్దగా చెప్పుకోలేదనుకోండి. (తెలుగువాళ్ళకి ఇంకో మేలు గౌతమి ఫాంటు. అయితే కంట్రోల్ ప్యానెల్లో ఓ టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వెతికి పెట్టి, రీస్టార్టు చేస్తే గానీ అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు.)

ఎక్స్‌పీ వచ్చింది 2001 అక్టోబరు 25న. బూట్ సమయం అన్నదానికి మైక్రోసాఫ్టు ఓ అంకె పెట్టుకుని పనిచేసింది అందులోనే. స్విచ్చి వేసిన దగ్గర్నుంచి వాడుకునే స్థితికి 30 సెకన్లు, హైబర్నేటు నుంచి 20, స్టాండ్‌బై నుంచి 5. ఆ 30 సెకన్లు ఎందుకంత కష్టమో ఓసారి లెక్కేద్దాం. మామూలు ల్యాప్‌టాప్ హార్డుడిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్డు కిందకి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఐదున్నర. హెడ్డు (పాత రికార్డు ప్లేయరు ముల్లు లాంటిది) ఆ గాడి దగ్గరికి జరగడానికి ఓ 12. మొత్తం పదిహేడు పద్దెనిమిది. అంటే డిస్కులో అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా చదవాలంటే సెకనుకి 60 ముక్కలు కూడా రావు. బూట్ అవడానికి ఇలా పది వేల ముక్కలు కావాలనుకోండి, దాదాపు మూడు నిమిషాలు ముల్లు కదలడానికే సరి. ప్రాసెసరు ఎంత పెద్దదైనా అంతే, అది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

అదే ముక్కలు డిస్కు మీద వరసగా ఉంటే? ముల్లు కదలక్కర్లేదు, సెకనుకి పదుల ఎంబీలు వచ్చేస్తాయి. ఎక్స్‌పీ పట్టుకున్న కిటుకు ఇదే. ప్రతిసారీ బూట్ అయ్యేటప్పుడు ఏ ఫైళ్ళు ఏ వరసలో అడిగారో రాసుకుంటుంది. ఆ చిట్టాలు ప్రీఫెచ్ అనే ఫోల్డరులో దాచుకుని, మర్నాడు అడక్కముందే వరసగా తెచ్చేస్తుంది. అంతేకాదు, మూడు రోజులకోసారి, మీరు కంప్యూటరు ముట్టుకోకుండా వదిలేసిన సమయం చూసి, ఆ ఫైళ్ళని డిస్కు మీద పక్కపక్కన సర్దుతుంది.

ఇప్పుడు మన దిక్కు వైద్యం గుర్తుతెచ్చుకోండి. కంప్యూటరు నెమ్మదించిందనగానే రన్ తెరిచి, టెంపు అని కొట్టి అన్నీ డిలీటు, ప్రీఫెచ్ అని కొట్టి అన్నీ డిలీటు. ఇంజినీరింగు హాస్టళ్ళలో ఇది తరతరాలుగా వస్తున్న విద్య. మొదటిది సరే, చెత్త ఊడ్చినట్టు. రెండోది మాత్రం ఆ యంత్రం వారాలపాటు చూసి నేర్చుకున్న దారిని చెరిపేయడం. డిలీటు చేసిన మర్నాడు బూట్ ఇంకా నెమ్మదిస్తుంది. మళ్ళీ డిలీటు చేస్తారు!

ఎక్స్‌పీ ఇంకో పని కూడా చేసింది. నెట్‌వర్కు సిద్ధం కాకముందే లాగిన్ తెర చూపించేసింది. డెస్కుటాపు వచ్చేసింది కదా అని మనం సంబరపడతాం, మిగతాది వెనకాల ఎక్కుతూనే ఉంటుంది. డాసు రోజుల్లో ప్రాంప్టు వస్తే వచ్చినట్టే అన్నాను చూశారా, ఆ నిజాయితీ ఇక్కడితో సరి. అప్పట్నుంచీ వచ్చిన ప్రతి వెర్షనూ పనిని కొంత తగ్గించింది, చాలావరకు మనకి కనపడని చోటుకి జరిపింది.

జరపడానికి చోట్లు రెండే. ఒకటి, డెస్కుటాపు వచ్చాక. రెండు, యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు. 2007లో వచ్చిన విస్టా ఈ రెండూ బాగా వాడింది. కొన్ని సర్వీసులకి ఆలస్యంగా మొదలవడం అన్న వెసులుబాటు ఇచ్చింది, మామూలుగా అవి ఓ రెండు నిమిషాలు ఆగి మొదలవుతాయి. సూపర్‌ఫెచ్ అనేది రేపు మీరు ఏం తెరుస్తారో ఊహించి ముందే మెమరీలో నింపేది. వెతుకులాట కోసం ఫైళ్ళన్నిటికీ సూచిక తయారయ్యేది. సిద్ధాంతం అంతా సొంపుగానే ఉంది, 512 ఎంబీ ర్యాము, ఒక్క ముల్లున్న ల్యాప్‌టాప్‌లోనే వచ్చింది చిక్కు. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది. విస్టాని తిట్టనివాడు పాపాత్ముడు, నిజమేగానీ దానికో పుణ్యం కూడా కట్టబెట్టాలి. ఈవెంట్ వ్యూయరులో డయాగ్నోస్టిక్స్-పెర్ఫార్మెన్స్ అని ఓ చిట్టా పెట్టింది. అందులో 100 నంబరు ఈవెంటు తెరిస్తే రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి. డెస్కుటాపు వచ్చేదాకా ఎంత, ఆ తరువాత యంత్రం తేరుకునేదాకా ఎంత. ఇప్పటికీ ఉంది. రిపేరు చేసేవాళ్ళలో నూటికి ఒక్కరైనా తెరుస్తారా అన్నది నాకు అనుమానమే.

2008 సెప్టెంబరులో లైనక్సు వాళ్ళ ప్లంబర్స్ సమావేశంలో ఇంటెల్‌కి చెందిన ఇద్దరు, అర్జన్ వాన్ డె వెన్, ఔకె కాక్, ఓ చిన్న ఈ-పీసీని 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు. అందరూ ఆ సాఫ్టువేరు పనితనం గురించే మాట్లాడుకున్నారు, తగినదే. కానీ ఆ బుల్లి యంత్రంలో ఉన్నది ఫ్లాష్ డిస్కు. ముల్లు లేదు. అదే పని హార్డుడిస్కు మీద చేసుంటే 5 అన్న అంకె వచ్చేది కాదు.

2012లో విండోస్ 8 ఇంకో తెలివైన పని చేసింది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, కెర్నెలు భాగాన్ని మాత్రం మెమరీలో ఉన్నదున్నట్టు ఒక పెద్ద ఫైలుగా డిస్కులో దాచేస్తుంది. మళ్ళీ ఆన్ చేస్తే పది వేల ముక్కలు ఏరుకోనక్కర్లేదు, ఆ ఒక్క ఫైలు వరసగా చదివితే చాలు. ఫాస్ట్ స్టార్టప్ అంటే ఇదే. చాలా యంత్రాల్లో 30 నుంచి 70 శాతం వేగం పెరిగిందని అప్పట్లో మైక్రోసాఫ్టు వాళ్ళే రాశారు. ఆలోచిస్తే 1969 నాటి ఉంగరాల మెమరీనే మరో రూపంలో వెనక్కి తెచ్చుకున్నాం - కరెంటు తీసినా మరిచిపోని కెర్నెలు.

దీనివల్ల ఓ తమాషా అయింది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే అది కొత్తగా మొదలైనట్టు కాదు, రీస్టార్టు చేస్తేనే పూర్తి బూట్. మా వాళ్ళందరూ రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తారు, టాస్కు మేనేజరులో అప్‌టైము చూస్తే మాత్రం 23 రోజులు అని ఉంటుంది. నిన్నటి చిక్కు ఇవాళ కూడా ఎందుకుందో ఇప్పుడర్థమైంది కదా. అప్‌గ్రేడ్ చేసినప్పుడు దీనికి తిరకాసుగా జరుగుతుంది. దాచుకున్న పాత కెర్నెలు ఫైలు పనికిరాదు, వరసపెట్టి రీస్టార్టులు, ప్రతిదీ పూర్తి బూటే. ఏళ్ళ తరబడి ఆ ఫైలు చాటున దాక్కున్న హార్డుడిస్కు అసలు వేగం ఒక్కసారిగా బయటపడుతుంది.

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. మన హైదరాబాదు సత్య నాదెళ్ళ సీఈఓ అయిన ఏడాదిన్నరకి. విండోస్ 7, 8.1 ఉన్నవాళ్ళకి ఏడాది పాటు ఉచితం అన్నారు. మా ఊరి సంగతి చెప్పాలంటే, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్ఈసీ (2002 నుంచి ఎన్ఐటీ), దాని చుట్టూ బోలెడు ఇంజినీరింగు కాలేజీలు, 2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు - ఇలాంటి ఊళ్ళో ల్యాప్‌టాప్ లేని ఇల్లు తక్కువ. ఆ రోజుల్లో మధ్యతరగతివాళ్ళు కొన్నవాటిలో ఎక్కువ భాగం ఒక టీబీ హార్డుడిస్కు, 4 జీబీ ర్యాముతో వచ్చినవే. అదే ధరకి చిన్న ఎస్ఎస్‌డీ ఉన్నది చూపిస్తే, "టీబీ వస్తుంటే ఈ 128 ఎందుకు" అనేవాళ్ళు. నాన్నలకి తెలిసిన కొలత అది. తప్పు పట్టలేం, చుట్ల గురించి ఏ కాగితం మీదా పెద్దక్షరాల్లో రాయరు.

ఇక ఖాళీ సమయం సంగతి. ఎక్స్‌పీ నుంచీ ఈ సర్దుబాట్లన్నీ ఒక నమ్మకం మీద కట్టారు, కంప్యూటరు అప్పుడప్పుడూ ఆన్‌లో ఉండి ఊరికే కూర్చుంటుందని. అప్‌డేట్లు, వైరసు తనిఖీ, సూచిక, డిస్కు సర్దడం, అన్నీ ఆ ఖాళీలో జరుగుతాయి. ఇది ఆఫీసు బల్ల మీద రోజంతా ఉండే యంత్రానికి సరిపోయే నమ్మకం. మన ఇళ్ళలో పని కాగానే మూత మూసి, ప్లగ్గు దగ్గర స్విచ్చి కూడా కట్టేస్తారు, కరెంటు బిల్లు గుర్తొస్తుంది కదా. వారానికి ఒక గంట తెరిచే ల్యాప్‌టాప్‌కి ఖాళీ ఎక్కడిది? వారం బాకీ అంతా ఆ గంటలోనే, అదీ మొదటి పది నిమిషాల్లోనే మీద పడుతుంది. అప్‌గ్రేడ్ చేశారంటే బాకీ ఇంకా పెద్దది. ప్రీఫెచ్ చిట్టాలు కొత్తవి, సూచిక మొదటినుంచీ, వైరసు తనిఖీ మొదటినుంచీ, డ్రైవర్లు ఒక్కోటీ కొత్తగా.

మా మామ కాజీపేటలో ఉంటాడు, రిటైరైన లెక్కల మాస్టారు. 2018లో కొన్న ల్యాప్‌టాప్, ఎనిమిదో తరం ప్రాసెసరు, 8 జీబీ ర్యాము, ఒక టీబీ హార్డుడిస్కు. కొత్త ఓఎస్‌కి కావలసిన అర్హతలన్నీ ఉన్నాయి. 2021లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 చిప్పు అడుగుతుంది, సెక్యూర్ బూటు అడుగుతుంది, 4 జీబీ ర్యాము, 64 జీబీ చోటు అడుగుతుంది. ఆ చోటు గిర్రున తిరిగేదా కాదా అన్నది మాత్రం ఆ అర్హతల పట్టికలో లేదు. అంచేత పరీక్ష పాసైన యంత్రమే మంచం పట్టింది.

"ఏందిరా అల్లుడా ఇది, చాయ్ పెట్టుకొని తాగొచ్చినా ఇంక తిరుగుతనే ఉంది. షాపాయన కొత్తది తీసుకోమంటుండు. నా పెన్షన్ కాయితాలన్నీ ఇందుల్నే ఉన్నయి."

"ఆగు మామా, ముందు లెక్క చూద్దాం. లెక్కల సారువి నువ్వే కదా."

100 నంబరు ఈవెంటు తెరిచాం. డెస్కుటాపుకి 52 సెకన్లు, ఆ తరువాత తేరుకోవడానికి 214. టాస్కు మేనేజరులో డిస్కు 100 శాతం, ప్రాసెసరు 9. మామ ఆ రెండంకెలూ చూసి "గట్లయితే ప్రాసెసర్ది తప్పేం లేదు" అన్నాడు. షాపాయనకి కావాల్సింది ఆ ఒక్క వాక్యమే. స్టార్టప్ ట్యాబులో గడువు తీరిన ఓ యాంటీవైరసు, ప్రింటరు పోయినా పోని దాని సాఫ్టువేరు, వీడియో కాల్సువి రెండు ఉంటే తీసేశాం. రాత్రంతా ప్లగ్గులో పెట్టి, నిద్రపోకుండా సెట్టింగు మార్చి వదిలేశాం. మామకి మనసొప్పలేదు, రెండుసార్లు లేచి చూశాడట. మూడు రాత్రుల తరువాత 214 కాస్తా 120కి వచ్చింది. బాకీ తీరితే వచ్చే ఫలితం అంతే, మిగతాది ముల్లుదే.

తరువాత 250 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాం, రెండు వేల చిల్లర అయింది. పెన్షన్ కాయితాలు, ఫోటోలు ముందు ఓ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, డిస్కు గుప్తీకరణ ఉందేమో చూసి, దాని రికవరీ కీ కాగితం మీద రాసుకుని (ఇది మరిచిపోతే మాత్రం నిజంగానే ఏడవాలి), పాతదాన్ని కొత్తదానిలోకి క్లోన్ చేశాం. డెస్కుటాపుకి 13, తేరుకోవడానికి 16. అదే ఓఎస్, అదే ర్యాము. పాత హార్డుడిస్కుని మూడొందల కేసులో పెట్టి ఫోటోలకి వాడుతున్నాడు. వరసగా రాయడానికి, వరసగా చదవడానికి దానికేం ఢోకా లేదు.

2017కి ముందు వచ్చిన వాటి సంగతి వేరు. వాటిలో దాదాపు అన్నిటి ప్రాసెసర్లూ విండోస్ 11 జాబితాలో లేవు. విండోస్ 10నే నమ్ముకున్న ఇంటి వినియోగదారులకి భద్రతా అప్‌డేట్లు పొడిగించింది 2026 అక్టోబరు 13 వరకు. వాటిలో కూడా చాలావాటికి అదే రెండున్నర అంగుళాల సాటా డిస్కు, నాలుగు స్క్రూలు విప్పితే వచ్చేస్తుంది. ఎస్ఎస్‌డీ పెట్టి ఏ లైనక్సు మింటో వేసి ఇస్తే బ్రౌజరు, కాయితాలు, పిల్లల క్లాసులు అన్నీ నడుస్తాయి. మా కాలనీలో 2013 నాటిది ఒకటి అలాగే నడుస్తోంది, బ్యాటరీ మాత్రం పోయింది, ప్లగ్గులోనే ఉండాలి.